ఫ్లోరైడ్ పళ్ళు అనుకున్న ఎనిమిదేళ్ళ బాబు: ఒక కేస్ స్టడీ

నల్గొండలో పిల్లల పళ్ళ డాక్టర్‌గా పని చేస్తున్నాను. ఇక్కడ పిల్లల పన్ను మీద మచ్చ కనిపిస్తే చాలు, ఇంట్లోనే రోగం పేరు ఖాయం చేసుకుని వస్తారు: ఫ్లోరైడ్. వాళ్ళని ఏమీ అనడానికి లేదు, మా జిల్లాలో పెద్దవాళ్ళ నోళ్ళు చూసిన ఎవరికైనా ముందు తట్టేది అదే. కానీ ప్రతి మచ్చా ఫ్లోరైడ్ మచ్చ కాదు. ఆ తేడా తెలియక ఒక పిల్లవాడి నోట్లో ఏం జరిగిందో, పళ్ళు తోముకోవడం అనే పని మీద వాడికి ఎలాంటి అభిప్రాయం స్థిరపడిపోయిందో ఇక్కడ రాస్తున్నాను. తోటి డెంటిస్టులకీ పనికొస్తుంది, తల్లిదండ్రులకీ పనికొస్తుంది. అమ్మానాన్నల అనుమతి తీసుకున్నాను, బాబును గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఎందుకు తీసుకొచ్చారు

బాబుకి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. వాళ్ళ ఊరు మర్రిగూడ వైపు. అమ్మ, నాయనమ్మ ఇద్దరూ కలిసి తీసుకొచ్చారు. ఇద్దరి ఫిర్యాదులు వేరు. నాయనమ్మ బాధ ముందు పన్ను మీద ఉన్న పసుపు మచ్చ గురించి. "మా బతుకే ఈ నీళ్ళతోటి పాయె మేడం, ఇప్పుడు వీనికి గూడ తగిలింది" అంది. అమ్మ బాధ వేరే: "ఎంత బుజ్జగించినా, ఎంత కొట్టినా పండ్లు తోముకోడు మేడం. బ్రష్ నోట్ల పెట్టుకుని అట్లనే నిలబడ్తడు, ఇన్ని నీళ్ళు పోసుకుని వస్తడు. కింద దవడ పన్ను అప్పుడే పుచ్చిపోయింది." తోముకోడు కాబట్టి పుచ్చిపోయింది, తోముకోడు కాబట్టి పచ్చబడింది అని ఆమె లెక్క.

బాబు మాత్రం కుర్చీ ఎక్కనన్నాడు. ఇంతకుముందు ఇంకొకచోట ఆ దవడ పన్నుకి ఫిల్లింగ్ చెయ్యబోయారట, మత్తు సరిగ్గా పట్టకుండానే డ్రిల్ పెట్టేసరికి గట్టిగా ఏడ్చి దిగిపోయాడట. ఆ సంగతి అమ్మ చివర్లో, తలుపు దగ్గర నిలబడి, వాడి మొండితనానికి ఇంకో ఉదాహరణలాగా చెప్పింది. నాకు మాత్రం కేసు మొత్తంలో అదే మొదటి ఆధారం. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి మత్తు పట్టలేదంటే వాడు నటిస్తున్నాడని అనుకునే ముందు, ఆ పన్ను ఎలాంటిదో చూడాలి.

పాత వివరాలు

నెలలు నిండాకే పుట్టాడు, మామూలు కాన్పు. ఏడాది దాటాక న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో పెట్టారు, రెండేళ్ళు వచ్చేదాకా దగ్గు, జ్వరం, యాంటీబయాటిక్ సిరప్‌లు మళ్ళీ మళ్ళీ తప్పలేదు. ఇప్పుడు ఆరోగ్యం బాగుంది. ఇంట్లో తాగేది మిషన్ భగీరథ నీళ్ళు (ప్రభుత్వం నల్లాల ద్వారా ఇచ్చే శుద్ధి చేసిన నీళ్ళు), అప్పుడప్పుడు ప్లాంటు నుంచి తెచ్చుకునే క్యాన్ నీళ్ళు. పుట్టినప్పటి నుంచి బోరు నీళ్ళు తాగించలేదని ఇద్దరూ గట్టిగా చెప్పారు.

పేస్టు గురించి అడిగితే అసలు కథ బయటపడింది. మచ్చ కనిపించగానే నాయనమ్మ ఇంట్లో పేస్టు బంద్ చేయించింది. పేస్టులో ఫ్లోరైడ్ ఉంటుందని ఎవరో చెప్పారు. దాని బదులు ఎర్ర పళ్ళపొడి తెప్పించి, వేలితో మచ్చ మీద గట్టిగా రుద్దమని చెప్పింది. బాబు రుద్దాడు. రోజూ రుద్దాడు.

తిండి గురించి అడిగితే ఎడమవైపే నములుతాడని, ఐస్‌క్రీమ్ వద్దంటాడని తెలిసింది. ఐస్‌క్రీమ్ వద్దనే పిల్లవాడిని చూసి ఇంట్లో మంచి అలవాటని మురిసిపోయారు.

నోట్లో కనిపించింది

మొదటి రోజు వాడిని కుర్చీలో కూర్చోబెట్టలేదు. అమ్మ ఒళ్ళో ఉండగానే, కిటికీ వెలుతురులో, చిన్న అద్దం ఒకటి నా చేతిలో, ఒకటి వాడి చేతిలో పెట్టి చూశాను.

పైన ఎడమవైపు ముందు పన్ను మీద మీగడ రంగు నుంచి పసుపులోకి మారే మచ్చ, పన్నులో మూడో వంతు ఉంటుంది, దాని అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంది. పక్కనున్న కుడి ముందు పన్ను మీద చిన్న తెల్ల మచ్చ. వాటి పక్క పళ్ళు శుభ్రంగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఇక ఆరేళ్ళప్పుడు వచ్చే పెద్ద దవడ పళ్ళు: కింద కుడివైపుది గోధుమ రంగుకి తిరిగి ఒక మూల పెచ్చు ఊడిపోయింది, లోపలి పసుపు పొర కనిపిస్తోంది. కింద ఎడమవైపుది పసుపు గోధుమ రంగులో ఉంది కానీ పైపొర చెక్కు చెదరలేదు. పైన కుడివైపుదానికి చిన్న పెచ్చు లేచింది. పైన ఎడమవైపుది మాత్రం పూర్తిగా మామూలు పన్ను. కింద కుడివైపున చివరి పాలపన్ను మీద కూడా అదే రకం పసుపు మచ్చ ఉంది, దాన్ని ఇంట్లో ఎవరూ గమనించలేదు.

ఇప్పుడు పాచి ఎక్కడ ఉందో చూడండి. పైన ఎడమవైపు దాదాపు లేదు. కుడివైపు, ముఖ్యంగా ఆ విరిగిన దవడ పన్ను చుట్టూ మందంగా పేరుకుని, చిగురు ఉబ్బి, తాకితే రక్తం వస్తోంది. బద్ధకంతో తోముకోని పిల్లవాడి నోట్లో పాచి అన్నివైపులా ఉంటుంది. వీడి నోట్లో కొన్నిచోట్ల ఉంది, కొన్నిచోట్ల లేదు. అంటే వాడు తోముకుంటున్నాడు, నొప్పి లేని చోట తోముకుంటున్నాడు. తోటి డాక్టర్లకి నా విన్నపం ఒక్కటే, పాచి ఎంత ఉందని మార్కులు వేసే ముందు అది ఎక్కడెక్కడ ఉందో ఒకసారి బొమ్మ గీసుకోండి. పిల్లలు నోటితో చెప్పలేనిది ఆ బొమ్మలో కనిపిస్తుంది.

గాలి పంపుతో పన్ను ఆరబెట్టి చూడటం మాకు అలవాటైన పద్ధతి. ఇలాంటి పంటి మీద గాలి కొడితే ప్రాణం పోయినంత జివ్వుమంటుంది. నేను దూది చుట్టతోనే తుడిచి చూశాను. తర్వాత తీసిన ఎక్స్‌రేలో విరిగిన పన్ను నరం దాకా దెబ్బ తినలేదని, వేర్ల చివర్లు ఇంకా పూర్తిగా మూసుకోలేదని, దాని వెనక రావలసిన పన్ను ఎముకలో తయారవుతోందని తెలిసింది.

ఇది ఫ్లోరోసిస్ ఎందుకు కాదు

ఫ్లోరైడ్ మచ్చ, మా భాషలో ఫ్లోరోసిస్, ఒంటరిగా రాదు. పన్ను తయారవుతున్న రోజుల్లో నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే, ఆ సమయంలో తయారయ్యే పళ్ళన్నిటికీ తగులుతుంది, కుడివైపు ఎలా ఉందో ఎడమవైపు అలాగే ఉంటుంది, అంచులు స్పష్టంగా లేకుండా మసకగా, అడ్డగీతలుగా, సున్నం పూసినట్టు పాకి ఉంటుంది. తీవ్రమైతే గోధుమ రంగు, గుంటలు. ఈ బాబుకి ఒక దవడ పన్ను పాడైతే దానికి ఎదురుగా ఉన్నది బాగుంది, ఒక ముందు పన్ను మీద పెద్ద మచ్చ ఉంటే పక్కదాని మీద చిన్నదే ఉంది, మచ్చకి గట్టి అంచు ఉంది. పైగా జివ్వుమంటోంది, విరుగుతోంది. ఇది మోలార్ ఇన్సైజర్ హైపోమినరలైజేషన్, మేం పొట్టిగా ఎమ్‌ఐహెచ్ అంటాం. 2001లో యూరప్ డాక్టర్లు దీనికి ఈ పేరు పెట్టారు, 2003లో గుర్తుపట్టే పద్ధతులు ఖరారు చేశారు. అరుదైన జబ్బేమీ కాదు, ప్రపంచంలో వేర్వేరు చోట్ల చేసిన సర్వేలన్నీ కలిపి చూసిన సమీక్షల్లో పిల్లల్లో 13 నుంచి 14 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఉన్నట్టు తేలింది.

ఎలా వస్తుందంటే, పన్ను పైన ఉండే గట్టి పొర, ఎనామిల్, చిగురు లోపల ఉన్నప్పుడే తయారైపోతుంది. దాన్ని తయారు చేసే కణాలు ముందు ప్రోటీన్‌తో మెత్తటి అచ్చు వేస్తాయి, తర్వాత ఆ ప్రోటీన్‌ని తీసేస్తూ ఖనిజాన్ని నింపుతాయి. పని సరిగ్గా పూర్తయితే ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే, ఒంట్లో అంతకంటే గట్టి పదార్థం లేదు. పెద్ద దవడ పళ్ళకి ఈ పని పుట్టుక సమయంలో మొదలై మూడేళ్ళకి ముగుస్తుంది, ముందు పళ్ళకి పుట్టిన మూడు నాలుగు నెలలకి మొదలై నాలుగైదేళ్ళకి ముగుస్తుంది. ఆ మధ్యలో ఎక్కడో నింపే పని చెడితే అక్కడ ప్రోటీన్ మిగిలిపోతుంది, ఖనిజం తగ్గుతుంది. పన్ను ఆకారం మామూలుగానే ఉంటుంది, లోపల సుద్దముక్కలాగా ఉంటుంది, నమలడం మొదలుపెట్టాక పెచ్చులూడుతుంది. పన్ను బయటికి వచ్చేసరికి ఆ కణాలు ఉండవు, కాబట్టి ఎనామిల్ తనంతట తాను మళ్ళీ పెరగదు.

పని చెడటానికి కారణం ఒక్కటని చెప్పలేం. మొదటి మూడేళ్ళలో వచ్చే జ్వరాలు, ఊపిరితిత్తుల జబ్బులు, నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ఆక్సిజన్ అందకపోవడం, కొంత వంశపారంపర్యం, ఇవన్నీ కలిసి పని చేస్తాయన్నది ఇప్పుడున్న అవగాహన. ఈ బాబు విషయంలో ఆ న్యుమోనియాకి సంబంధం ఉండొచ్చని అమ్మకి చెప్పాను, దాని వల్లేనని మాత్రం చెప్పలేదు. యాంటీబయాటిక్ ఇప్పించడం తన పొరపాటా అని ఆమె వెంటనే అడిగింది. కాదమ్మా, ఆ మందే బిడ్డను కాపాడింది, మందు ప్రభావమా జ్వరం ప్రభావమా అని విడదీయడం ఎవరికీ సాధ్యం కాదు అని చెప్పాను. ఈ మాట ప్రతి తల్లికీ చెప్పి తీరాలి. కొడుకుని తిట్టడం ఆపిన తల్లి తనని తాను తిట్టుకోవడం మొదలుపెడితే ఎవరికీ లాభం లేదు.

ఒక జాగ్రత్త. మా ప్రాంతంలో ఒకే నోట్లో ఫ్లోరోసిస్, ఎమ్‌ఐహెచ్ రెండూ ఉండవచ్చు. ఒకటి కనిపించింది కదా అని రెండోదాన్ని వెతకడం మానెయ్యకూడదు.

వాడితో మాట్లాడింది

అమ్మని, నాయనమ్మని కాస్త అవతల కూర్చోమని, సహాయకురాలి ఎదుట బాబుతో విడిగా మాట్లాడాను. నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం దాకా వరసగా బొమ్మలుండే కార్డు ఇచ్చి, పళ్ళు తోముకునేటప్పుడు ఎట్లుంటుంది బిడ్డా అంటే చివరిదాని పక్క బొమ్మ మీద వేలు పెట్టాడు. "అటు దిక్కు బ్రష్ పెడితే జివ్వుమంటది. నీళ్ళు పుక్కిలిస్తే ఇంకా ఎక్కువ." ఇంట్లో చెప్పావా అంటే, చెప్పానని, తప్పించుకోవడానికి చెప్తున్నావని అన్నారని చెప్పాడు.

తర్వాత ముందు పన్ను చూపించి, "ఇది రోజు రుద్దుతనే ఉన్న మేడం. పోతలేదు" అన్నాడు. బడిలో వాడిని పాచిపండ్లోడు అని పిలుస్తారట. ఫోటో తీసేటప్పుడు పెదవులు మూసుకుంటాడట.

ఈ పిల్లవాడి వైపు నుంచి ఆలోచిస్తే మొత్తం అర్థమవుతుంది. తోముకుంటే పళ్ళు తెల్లగా ఉంటాయని టీచర్ చెప్పింది, అమ్మ చెప్పింది, టీవీలో చెప్పారు. వాడు తోముకున్నాడు, నొప్పి వచ్చింది, మచ్చ పోలేదు, తిట్లు ఆగలేదు. పెద్దవాళ్ళు చెప్పిన మాట వాడి నోట్లోనే అబద్ధమని తేలింది. ఇలాంటి పిల్లవాడికి "రోజుకు రెండుసార్లు తోముకోవాలి" అని ఇంకోసారి చెప్పడం వల్ల ఏం మారుతుంది? వాడికి తెలియనిది ఏమీ లేదు. వాడికి ఉన్నది తెలివితక్కువతనం కాదు, అనుభవం.

వీడి ఒక్కడి సంగతే కాదు ఇది. స్వీడన్‌లో 2002లో వచ్చిన ఒక పరిశీలనలో, ఎమ్‌ఐహెచ్ తీవ్రంగా ఉన్న పిల్లలకి తొమ్మిదేళ్ళు వచ్చేసరికి ఆ దవడ పళ్ళకి మిగతా పిల్లల కంటే దాదాపు పది రెట్లు ఎక్కువసార్లు వైద్యం చెయ్యాల్సి వచ్చిందని, డాక్టరంటే భయం కూడా వాళ్ళలో ఎక్కువని తేలింది. పన్ను పొర గుల్లగా ఉండటం వల్ల చల్లదనం, తీపి, సూక్ష్మక్రిములు లోపలికి దారి చేసుకుంటాయి, లోపలి నరం ఎప్పుడూ కొంచెం వాచినట్టే ఉంటుంది, అలా వాచిన నరానికి మత్తు ఇంజెక్షన్ సరిగ్గా పట్టదు. ఫిల్లింగ్ అతుక్కోదు, ఊడుతుంది, మళ్ళీ డాక్టరు, మళ్ళీ నొప్పి.

మొదట చేసిన పని: రంగు పరీక్ష

పాచికి మాత్రమే అంటుకునే ఒక రంగు ద్రవం ఉంటుంది. సాధారణంగా "చూడు, ఎంత మురికి ఉందో" అని పిల్లలకి చూపించి సిగ్గుపడేలా చెయ్యడానికే దాన్ని వాడుతుంటారు, నాకు ఆ వాడకం అస్సలు నచ్చదు. ఇక్కడ దాన్ని వేరే పనికి వాడాను. ముందు పళ్ళ మీద పూసి అద్దం చేతికిచ్చాను. చిగురు పక్కన సన్నగా గులాబీ రంగు గీత తేలింది. మెత్తటి బ్రష్, గోరువెచ్చటి నీళ్ళు ఇచ్చి నువ్వే తీసెయ్యి అన్నాను. కొంచెంసేపట్లో గులాబీ రంగంతా పోయింది. పసుపు మచ్చ అలాగే ఉంది.

అప్పుడు చెప్పాను: బ్రష్‌తో పోయేది ఆ గులాబీ రంగుది, అది పాచి, దాన్ని నువ్వు తీసేశావు. ఈ పసుపు రంగు పన్ను లోపలిది, నువ్వు అమ్మ ఒళ్ళో చిన్న బిడ్డగా ఉన్నప్పుడే వచ్చింది, దాన్ని ఏ బ్రష్షూ తియ్యలేదు, దాన్ని తీసే పని నాది.

వాడు చాలాసేపు అద్దంలో చూసుకున్నాడు. తర్వాత వెళ్ళి నాయనమ్మకి చూపించాడు. అదే మాటలు వాడే ఆమెకి చెప్పాడు, నేను చెప్పిన దానికంటే గట్టిగా.

అమ్మకి అప్పుడే ఇంకో మాట చెప్పాను, ఇక నుంచి "తోముకున్నావా" అని కాకుండా "ఇవాళ ఎక్కడ నొప్పి వచ్చింది" అని అడగమని. రోజుల తరబడి అబద్ధమనుకున్న మాటని నిజమని ఒప్పుకోవడం ఆమెకి కష్టంగానే ఉండింది, కళ్ళు తుడుచుకుంది. నాకు ఆమె మీద కోపం రాలేదు. నొప్పి బయటికి కనిపించదు, పన్ను మచ్చ కనిపిస్తుంది, మనందరం కనిపించేదాన్నే నమ్ముతాం.

నాయనమ్మ భయం

ఈ భాగాన్ని చాలామంది డాక్టర్లు "మూఢనమ్మకం" అని కొట్టిపారేస్తారు. అది అన్యాయం. ఆమె పళ్ళు గోధుమ రంగులో గుంటలు పడి ఉన్నాయి, మోకాళ్ళు సరిగ్గా వంగవు. ఆమెకి ఫ్లోరైడ్ అంటే ఒంట్లో ఉన్న సంగతి. మన దేశంలో ఈ జబ్బును మొదట వైద్య పత్రికలకి ఎక్కించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. నల్గొండ పేరు మీదే ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి ఉంది, నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970ల్లో తయారు చేసింది, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్ళు తేర్చడం. ఇంత చరిత్ర ఉన్నచోట, 2016లో మొదలైన భగీరథ నీళ్ళు ఇంటికొచ్చాక కూడా ఆ భయం ఒక్కసారిగా పోతుందా?

అందుకే ఆమెకి లెక్క చెప్పాను. లీటరుకి 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు రోజుకి రెండు లీటర్లు తాగితే 8 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోతుంది, ఏళ్ళ తరబడి రోజూ పోతుంది. మన దేశంలో పేస్టులో ఉండే ఫ్లోరైడ్ గరిష్ఠంగా 1000 పీపీఎమ్, అంటే గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము. బఠాణీ గింజంత పేస్టులో పావు మిల్లీగ్రాము మాత్రమే ఉంటుంది, దాన్ని కూడా మింగం, ఉమ్మేస్తాం. పైగా ఎనిమిదేళ్ళకి జ్ఞానదంతాలు తప్ప మిగతా పళ్ళ ఎనామిల్ దాదాపు తయారైపోయింది కాబట్టి, పేస్టు వల్ల వీడి పళ్ళకి కొత్తగా ఫ్లోరోసిస్ మచ్చలు రావు. మూడేళ్ళలోపు పిల్లలకైతే బియ్యపు గింజంతే పెట్టాలి, మింగకుండా పక్కన ఉండి చూడాలి, ఆ జాగ్రత్త నిజమే, నాయనమ్మ భయం అక్కడ కరెక్టే. ఈ బాబుకి మాత్రం ఖనిజం తక్కువైన పన్ను పుచ్చకుండా కాపాడేది ఆ ఫ్లోరైడే. గరుకు పళ్ళపొడి ఉన్న కాస్త పొరనీ అరగదీస్తోంది.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. ఉమ్మేస్తున్నాడో లేదో తనే పక్కన నిలబడి చూస్తానంది. అంతకంటే నాకు కావలసింది ఏముంది, మరి!

వైద్యం ఏ వరసలో చేశాను

ముందు నొప్పి తగ్గించడం. దవడ పళ్ళకి ఫ్లోరైడ్ వార్నిష్, అంటే పంటికి అంటుకుని ఉండే ఫ్లోరైడ్ పూత, పూశాను. ఇంటికి మెత్తటి బ్రష్, 1000 పీపీఎమ్ పేస్టు, గోరువెచ్చటి నీళ్ళు, రాత్రి తోముకున్నాక పళ్ళ మీద రాసుకోవడానికి పాల ప్రోటీన్‌తో చేసిన కాల్షియం ఫాస్ఫేట్ క్రీమ్. పాలు పడనివాళ్ళకి ఆ క్రీమ్ ఇవ్వకూడదు, అడిగి తెలుసుకున్నాకే రాశాను. బ్రష్ ఎడమవైపు నుంచి మొదలుపెట్టి, నొప్పి ఉన్న చోటుకి చివర్లో వెళ్ళమన్నాను.

తర్వాత విరిగిన పన్ను మీద డ్రిల్ లేకుండా, పంటికి తనంతట తాను అతుక్కునే గ్లాస్ అయోనమర్ సిమెంట్ కప్పాను. ఇది తాత్కాలికమే, కానీ వారం తిరిగేసరికి ఆ వైపు నమలడం మొదలుపెట్టాడు. నొప్పి తగ్గిందని వాడే నమ్మాక అసలు పని: ఆ పన్నుకి స్టీల్ క్యాప్. పన్ను అంతటినీ కప్పేస్తుంది కాబట్టి ఇక విరగదు, జివ్వుమనదు. గంట ముందు బరువుకి తగ్గ డోసులో ఐబుప్రోఫెన్ అనే నొప్పి మందు ఇప్పించి, మత్తు పూర్తిగా పట్టిందని వాడు చెయ్యి ఎత్తి చెప్పాకే మొదలుపెట్టాను. మధ్యలో చెయ్యెత్తితే ఆపుతానని మాట ఇచ్చాను. ఒకసారి ఎత్తాడు, ఆపాను. నిజంగా ఆపుతానా లేదా అని చూడటానికి ఎత్తాడని నాకు తెలుసు. అక్కడ ఆపకపోతే ముందు చెప్పినదంతా వృథా అయ్యేది.

పన్ను తీసేసే దారి కూడా ఇంట్లోవాళ్ళతో చర్చించాను. బాగా పాడైన ఈ దవడ పన్నుని ఎనిమిది నుంచి పదేళ్ళ మధ్య, వెనక పన్ను వేర్లు మొదలయ్యే సమయం చూసి తీస్తే, ఆ వెనకది ముందుకి జరిగి ఖాళీ నింపే అవకాశం ఉంది. పళ్ళ వరస చూసే డాక్టర్‌తో మాట్లాడాకే నిర్ణయించాం: వీడి వరస బాగుంది, నరం బాగుంది, ఉంచుదాం. అన్ని కేసుల్లో ఇదే సరైన నిర్ణయం కాదు. నాలుగు దవడ పళ్ళూ పెచ్చులూడిపోయిన పిల్లలకి సరైన వయసులో తీసెయ్యడమే మేలు చెయ్యొచ్చు, ఆ వయసు దాటిపోతే ఆ అవకాశం చేజారిపోతుంది.

మిగతా రెండు దవడ పళ్ళకి గ్లాస్ అయోనమర్‌తోనే సీల్ చేశాను. పుచ్చును ఆపే, కానీ పూసిన చోటు నల్లబడే సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ మందు గురించి చెప్పాను, చవకైనది, నొప్పి తగ్గిస్తుంది, కానీ రంగు గురించే ఇంత బాధపడ్డ పిల్లవాడికి ఇంకో నల్ల మచ్చ పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ముందు పన్ను గురించి వృత్తిలో రెండు అభిప్రాయాలున్నాయి. చిన్నపిల్లల పంటిలో నరం పెద్దగా ఉంటుంది కాబట్టి అందం పని పెద్దయ్యాక చేద్దాం అనేది ఒకటి. నేను రెండోవైపు ఉంటాను. బడిలో రోజూ పేరు పెట్టి పిలుస్తుంటే పద్దెనిమిదేళ్ళ దాకా ఆగమని చెప్పడం తేలిక, ఆగడం వాడికి కదా కష్టం. మొదట పైపొర సన్నగా అరగదీసి చూశాం, తెల్ల మచ్చ తగ్గింది, పసుపు మచ్చ లోతుది, పోలేదు. అప్పుడు అతి తక్కువ తీసి, మిగిలిన ప్రోటీన్ పోవడానికి ఆ చోటును హైపోక్లోరైట్ అనే బ్లీచ్ లాంటి ద్రవంతో శుభ్రం చేసి, పంటి రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్‌తో కప్పాను. మత్తు కూడా అవసరం రాలేదు. కొన్నేళ్ళకి మళ్ళీ మార్చాల్సి ఉంటుందని ముందే చెప్పాను.

ఏడాది తర్వాత

క్యాప్ గట్టిగా ఉంది. దాన్ని బడిలో రోబో పన్ను అని చూపించుకుంటున్నాడు. కుడివైపు చిగురు వాపు లేదు, పాచి రెండువైపులా ఒకేలా, కొంచెమే ఉంది. రాత్రి బ్రష్ నిద్రొస్తే ఎగ్గొడతాడు, ఆ వయసు పిల్లలందరిలాగే, దాని గురించి నేను పెద్దగా పట్టుబట్టలేదు. కింద ఎడమవైపు సీల్ ఒక పక్క ఊడింది, మళ్ళీ వేశాను. ముందు పంటి కాంపోజిట్ అంచుకి కాస్త రంగు పట్టింది, పాలిష్ చేశాను. చల్లటి నీళ్ళు ఇప్పుడు తాగుతాడు, ఐస్‌క్రీమ్ విషయంలో మాత్రం ఇంట్లో ఉన్న మంచి పేరు పోయిందని వాళ్ళ అమ్మ చెప్పింది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. బడుల్లో దంత శిబిరాలు పెట్టి బ్రష్‌లు పంచుతాం, ప్లాస్టిక్ దవడ మీద తోమి చూపిస్తాం, ఎవరు రోజూ తోముకుంటారో చేతులెత్తమంటాం. "తోముకుంటే ఎవరికైనా నొప్పి వస్తుందా" అని అడగం. ఆ ఒక్క ప్రశ్న కలిపితే చాలు, చెయ్యెత్తే పిల్లల్ని పక్కకి పిలిచి ఆరేళ్ళ దవడ పళ్ళు చూడొచ్చు. టీచర్లు కూడా పచ్చ మచ్చ ఉన్న పిల్లవాడిని తరగతిలో నిలబెట్టి శుభ్రత గురించి చెప్పడం ఆపితే బాగుంటుంది. అలా చేస్తే వాడికి సిగ్గు మిగులుతుంది తప్ప పన్ను బాగుపడదు.

బాబుకి పదేళ్ళు దాటాక వచ్చే చిన్న దవడ పళ్ళ మీద ఫ్లోరోసిస్ గీతలు ఉన్నాయో లేదో చూడాలి, పన్నెండేళ్ళకి వచ్చే రెండో దవడ పన్ను వరస చూడాలి. ఇప్పటికి నాలుగు నెలలకోసారి వార్నిష్ నడుస్తోంది.

ఈ మధ్య నాయనమ్మ బాబుతోపాటు నాలుగేళ్ళ చెల్లెల్ని కూడా తీసుకొచ్చింది, ఎవరూ చెప్పకుండానే. పాప చివరి పాలపన్ను మీద చిన్న పసుపు మచ్చ ఉంది. అక్కడ మచ్చ ఉన్న పిల్లలకి ఆ తర్వాత వచ్చే పెద్ద దవడ పళ్ళకి ఎమ్‌ఐహెచ్ వచ్చే అవకాశం నాలుగైదు రెట్లు ఎక్కువ. పాపకి ఐదున్నర దాటినప్పటి నుంచి మూడు నెలలకోసారి తీసుకురమ్మని, చిగురు చీల్చుకుని పన్ను కొంచెం కనిపించగానే సీల్ వేస్తానని రాసిచ్చాను.